వీల్యాన్‌కో స్పానింగ్ ట్రీ: రూట్ స్విచ్‌ను మీరే ఎంచుకోండి

వీల్యాన్ అంటే ఒకే స్విచ్‌ల మీద విడిగా నడిచే నెట్‌వర్క్ భాగం. మీ నెట్‌వర్క్‌లో 10వ వీల్యాన్‌కు రూట్ బ్రిడ్జ్, అంటే దారులన్నిటికీ మూలమైన స్విచ్, ఏది? కన్సోల్ తెరవకుండానే దీనికి జవాబు చెప్పగలిగితే ఈ వ్యాసంలో సగం మీకు తెలిసినదే. చెప్పలేకపోతే ఆ రూట్‌ను మీరు ఎంచుకోలేదని అర్థం. స్విచ్‌లే తమలో తాము తేల్చుకున్నాయి. అవి తేల్చుకునే పద్ధతికి మీ అవసరాలతో ఏ సంబంధమూ లేదు.

కొన్నేళ్ల క్రితం నేను పనిచేసిన ఒక చోట రెండు కోర్ స్విచ్‌ల మధ్య గిగాబిట్ లింకు ఉండేది. అయినా ఒక వైపు నుంచి మరో వైపుకు ఫైళ్లు నత్తనడకన వెళ్లేవి. రెండు రోజులు సర్వర్‌ను అనుమానించాం, కేబుళ్లు మార్చాం. మూడో రోజు మొదటి కోర్‌లో 10వ వీల్యాన్ స్పానింగ్ ట్రీ (లూప్ రాకుండా అదనపు దారులను మూసి ఉంచే ఏర్పాటు) వివరాలు తెరిచి చూశాను. ‘ఈ బ్రిడ్జే రూట్’ అనే అర్థం వచ్చే వరుస ఉండాల్సిన చోట కాస్ట్ 19 అనీ, పోర్ట్ ఫాస్ట్‌ఈథర్‌నెట్ 0/24 అనీ ఉంది. కాస్ట్ అంటే రూట్ దాకా దారి ఖరీదు, లింకు నెమ్మదైతే అది పెరుగుతుంది. 19 అంటే 100 మెగాబిట్ల లింకు, 4 అంటే గిగాబిట్ లింకు. ఆ కేబుల్ పట్టుకుని వెళితే రెండో అంతస్తులో, మెట్ల కింది అరలో, దుమ్ముపట్టిన ఒక పాత స్విచ్ దొరికింది. కొత్త స్విచ్ వచ్చేదాకా సర్దుకుందామని ఎవరో స్టోర్‌రూమ్ నుంచి తెచ్చి, రెండు కోర్‌లకూ చెరో కేబుల్ తగిలించారు. దాని మ్యాక్ చిరునామా (తయారీలోనే పడే గుర్తింపు సంఖ్య) అన్నిటికన్నా చిన్నది కాబట్టి అదే రూట్ అయింది. రెండు కోర్‌లకూ రూట్‌కు దగ్గరి దారి ఆ 100 మెగాబిట్ల కేబులే. గిగాబిట్ లింకు మీదుగా వెళితే 19కి 4 కలిసి 23 అవుతుంది. అందుకని ఆ గిగాబిట్ లింకు ఒక కొసన బ్లాకింగ్‌లోకి, అంటే మూసిన స్థితిలోకి, వెళ్లిపోయింది. భవనంలోని రద్దీ అంతా మెట్ల కింది పెట్టెలోంచి పోతోంది. స్విచ్‌లు తప్పేమీ చేయలేదు, వాటికి తెలిసిన లెక్క అవి చేశాయి.

ఈ వ్యాసం ఆ లెక్కను మీ చేతిలోకి తెచ్చుకోవడం గురించి. ఉదాహరణలు సిస్కో క్యాటలిస్ట్ స్విచ్‌లవి, ఎందుకంటే వీల్యాన్‌కో స్పానింగ్ ట్రీ అనే పద్ధతి సిస్కోదే. ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాశాను. కన్సోల్‌లో వాటిని ఇంగ్లిషు అక్షరాలతోనే కొట్టాలి. రెండు మాటల మధ్య చిన్న గీత ఉన్న చోట ఆ గీత కూడా కొట్టాలి.

అసలు ఈ చెట్టు ఎందుకు

ఐపీ ప్యాకెట్‌కు ఆయుష్షు ఉంటుంది. రూటర్ దాటిన ప్రతిసారీ టీటీఎల్ అనే అంకె ఒకటి తగ్గి, సున్నా కాగానే ప్యాకెట్ చచ్చిపోతుంది. ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు అలాంటి అంకె లేదు. మూడు స్విచ్‌లను త్రిభుజంలా కలిపి స్పానింగ్ ట్రీ తీసేస్తే, ఒక్క బ్రాడ్‌కాస్ట్ ఫ్రేమ్ ఎవరో కేబుల్ పీకేదాకా తిరుగుతూనే ఉంటుంది. దాని వెనుక మరొకటి, ఇంకొకటి. ఆ సమయంలో స్విచ్ ముందు నిలబడి చూసినవారు ఆ దృశ్యాన్ని మరచిపోలేరు. పోర్ట్ దీపాలన్నీ ఒకే లయలో, ఊపిరి తీయకుండా మెరుస్తుంటాయి. కన్సోల్‌లో ఒక అక్షరం కొడితే అది తెరమీదికి రావడానికి పది సెకన్లు పడుతుంది.

రేడియా పెర్ల్‌మాన్ 1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తూ దీనికి మార్గం చెప్పారు. స్విచ్‌లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుని ఒకదాన్ని మూలంగా ఎంచుకోవాలి. ప్రతి స్విచ్ ఆ మూలానికి ఒకే దారి తెరిచి ఉంచి, మిగిలిన దారులను మూసి సిద్ధంగా పెట్టుకోవాలి. 1990లో ఇది 802.1డీ ప్రమాణమైంది. అయితే ఆ ప్రమాణంలో నెట్‌వర్క్ మొత్తానికి ఒకటే చెట్టు. మూసిన లింకు అన్ని వీల్యాన్లకూ మూసినట్టే. రెండు అప్‌లింకులకు (పై స్విచ్‌కు వెళ్లే లింకులకు) డబ్బు పెట్టి ఒకటి ఊరకే ఉంచుకోవడం అన్నమాట. సిస్కో చేసిన మార్పు ఒక్కో వీల్యాన్‌కు ఒక్కో చెట్టు కట్టడం. అదే పీవీఎస్‌టీ. తర్వాత 802.1క్యూ ట్రంకుల (అనేక వీల్యాన్లను ఒకే కేబుల్ మీద మోసే లింకుల) మీద నడిచేలా పీవీఎస్‌టీ ప్లస్ వచ్చింది. 2001 నాటి 802.1డబ్ల్యూ వేగాన్ని దానికి కలిపితే రాపిడ్ పీవీఎస్‌టీ ప్లస్. మీరు పెట్టుకోవలసింది ఈ చివరిదే.

పాతదానికీ దీనికీ తేడా కాగితం మీది తేడా కాదు. పాత పద్ధతిలో పోర్ట్ లిజనింగ్‌లో 15 సెకన్లు, లెర్నింగ్‌లో 15 సెకన్లు గడపాలి. లింకు నేరుగా తెగకుండా దూరంలో ఎక్కడో తెగితే మ్యాక్స్ ఏజ్ 20 సెకన్లు కూడా కలుస్తాయి. మొత్తం 50. ఫోన్‌లో మాట్లాడుతున్న మనిషి అప్పటికే పెట్టేసి ఉంటాడు. కొత్త పద్ధతిలో పక్కపక్క స్విచ్‌లు ప్రతిపాదన, అంగీకారం అంటూ రెండు సందేశాలతో తేల్చుకుంటాయి. మామూలుగా సెకను లోపే పని అయిపోతుంది.

మన నమూనా

చిన్న నమూనా మీద మొదలుపెడదాం. కోర్-1, కోర్-2 అనే రెండు 3560 స్విచ్‌లు. అంతస్తు-1 అనే ఒక 2960. కోర్‌లు రెండూ గిగాబిట్ 0/1తో ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. 2960లోని గిగాబిట్ 0/1 కోర్-1కూ, గిగాబిట్ 0/2 కోర్-2కూ వెళతాయి. కోర్‌ల వైపు ఆ కేబుళ్లు గిగాబిట్ 0/2లో పడతాయి. నిజం స్విచ్‌లు చేతిలో లేకపోతే ప్యాకెట్ ట్రేసర్ అనే సిస్కో సిమ్యులేటర్ చాలు. అమీర్‌పేటలో సీసీఎన్‌ఏ నేర్చుకున్న వారిలో చాలామంది మొదటి త్రిభుజాన్ని అందులోనే గీసి ఉంటారు. ఆ పాత ఫైలు ఉంటే బయటికి తీయండి.

వీల్యాన్లు నాలుగు: 10 ఉద్యోగులకు, 20 విద్యార్థుల ల్యాబ్‌కు, 30 కెమెరాలకు, 40 ఫోన్లకు. వీటికి తోడు ట్రంకుల నేటివ్ వీల్యాన్‌గా (ట్రంక్ మీద వీల్యాన్ గుర్తు లేకుండా వచ్చే ఫ్రేమ్‌లు చేరేది) 99. దాన్ని ఏ కంప్యూటర్‌కూ ఇవ్వం.

మొదటి అడుగు: ఇప్పుడున్నది చూడండి

నడుస్తున్న నెట్‌వర్క్‌లో పని చేస్తుంటే ఏ ఆదేశమూ మార్చకముందు ప్రతి స్విచ్‌లోనూ ఇది కొట్టండి.

షో స్పానింగ్-ట్రీ రూట్

ప్రతి వీల్యాన్‌కు రూట్ ఎవరు, అక్కడికి కాస్ట్ ఎంత, ఏ పోర్ట్ గుండా అనేది ఒక్కో వరుసలో కనిపిస్తుంది. కాస్ట్ 0 ఉన్న వీల్యాన్‌కు ఆ స్విచ్చే రూట్. మిగిలిన వాటికి రూట్ పోర్ట్ అవతల ఎవరున్నారో ‘షో సీడీపీ నైబర్స్’ చెబుతుంది. అలా ఒక్కో స్విచ్ దాటుతూ రూట్ దాకా నడవండి. దారి పొడవునా కాగితం మీద గీసుకోండి. ఈ అడుగును చాలామంది వదిలేస్తారు. కానీ ఆ మెట్ల కింది స్విచ్ నాకు దొరికింది ఇలా నడిచినందువల్లే.

గీసేటప్పుడు లోతు కూడా లెక్కపెట్టండి. మామూలు టైమర్లు ఒక చివరి నుంచి మరో చివరికి 7 స్విచ్‌ల దాకానే అనుకుని పెట్టినవి. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ వైద్య కేంద్రంలో నెట్‌వర్క్ కూలిపోయి, దాదాపు 4 రోజులు ఆ ఆసుపత్రి కాగితాల మీద నడిచింది. ఏళ్ల తరబడి ఒకదానికొకటి తగిలిస్తూ పెంచిన స్విచ్‌ల వరుస స్పానింగ్ ట్రీకి అందే హద్దును దాటిపోయింది. ఆసుపత్రిలో పరీక్ష ఫలితాలు మనుషుల చేతుల్లో అటూ ఇటూ తిరగవలసి రావడమంటే ఏమిటో ఊహించండి. మీ గీతలో వరుసగా ఆరేడు స్విచ్‌లు కనిపిస్తే, ముందు ఆ వరుసను కుదించండి. మిగతా పని ఆ తర్వాత.

రెండో అడుగు: పద్ధతి మార్చండి

స్పానింగ్-ట్రీ మోడ్ రాపిడ్-పీవీఎస్‌టీ

ప్రతి స్విచ్‌లో కాన్ఫిగరేషన్ మోడ్‌లో ఈ ఒక్క వరుస చాలు. పాత స్విచ్‌లలో మొదటి నుంచి ఉండేది పీవీఎస్‌టీ ప్లస్. మార్చిన క్షణంలో ఆ స్విచ్‌లోని చెట్లన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. కాబట్టి పని వేళల్లో దీని జోలికి వెళ్లకండి. అన్నింటినీ ఒకే రాత్రి మార్చండి. సగం వదిలేస్తే పాత స్విచ్ వైపున్న పోర్ట్‌లు పాత భాషలోకి దిగి, పాత వేగంతోనే నడుస్తాయి. అవతలి స్విచ్‌ను తర్వాత మార్చినా ఇవతలి పోర్ట్ పాత భాషలోనే ఉండిపోతే ‘క్లియర్ స్పానింగ్-ట్రీ డిటెక్టెడ్-ప్రోటోకాల్స్’ అని కొట్టండి.

దూరం నుంచి లాగిన్ అయి చేస్తుంటే ముందుగా ‘రీలోడ్ ఇన్ 10’ కొట్టి పెట్టుకోండి. మీ మార్పు మిమ్మల్నే బయట పడేస్తే 10 నిమిషాల్లో స్విచ్ తిరిగి మొదలై, సేవ్ చేసిన పాత అమరికతో లేస్తుంది. అంతా బాగుంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టడం మరవకండి.

మూడో అడుగు: ట్రంకులు

ఇక్కడ జరిగే పొరపాట్లే ఎక్కువ కాబట్టి కొంచెం నిదానంగా వెళదాం. కోర్-1లో:

ఇంటర్‌ఫేస్ రేంజ్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/1 - 2
స్విచ్‌పోర్ట్ ట్రంక్ ఎన్‌క్యాప్సులేషన్ డాట్1క్యూ
స్విచ్‌పోర్ట్ మోడ్ ట్రంక్
స్విచ్‌పోర్ట్ ట్రంక్ నేటివ్ వీల్యాన్ 99
స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ 10,20,30,40,99

కోర్-2లో కూడా ఇవే. 2960లో రెండో వరుస ఉండదు. దానికి డాట్1క్యూ తప్ప మరొకటి తెలియదు కాబట్టి అడగదు. 3560లో మాత్రం ఆ వరుస ముందు రాకపోతే మూడో వరుసను స్విచ్ తిప్పికొడుతుంది.

నేటివ్ వీల్యాన్ రెండు కొసల్లోనూ ఒకటే అయి ఉండాలి. పీవీఎస్‌టీ ప్లస్ తన సందేశంలోనే ‘నేను ఫలానా వీల్యాన్ నుంచి బయలుదేరాను’ అని రాసి పంపుతుంది. ఒక కొసన 99, మరో కొసన 1 ఉంటే అందుకున్న స్విచ్ ఆ తేడా పట్టేసి, తేడా పడిన వీల్యాన్లకు ఆ పోర్ట్‌ను మూసేస్తుంది. షో ఆదేశంలో పోర్ట్ పక్కన పీవీఐడీ ఇన్‌కన్సిస్టెంట్ అనే సూచన కనిపిస్తుంది. ఇలా మూసేయడం మన మేలు కోసమే. రెండు వీల్యాన్లు తెలియకుండా ఒకదాంట్లోకి ఒకటి కారిపోకుండా ఆపుతోంది. దాన్ని పోగొట్టడానికి స్పానింగ్ ట్రీని ఆపకండి, నేటివ్ అంకెను సరిచేయండి.

ఇక అలౌడ్ జాబితా. రేపు 50వ వీల్యాన్ వస్తుంది. అప్పుడు కొట్టవలసింది ఇది:

స్విచ్‌పోర్ట్ ట్రంక్ అలౌడ్ వీల్యాన్ యాడ్ 50

ఆ ‘యాడ్’ మరిచిపోతే జాబితాలో 50 ఒక్కటే మిగిలి, తక్కిన వీల్యాన్లన్నీ ఆ ట్రంక్ మీద ఆగిపోతాయి. అనుభవజ్ఞులు కూడా జీవితంలో ఒకసారి చేసే పొరపాటు ఇది. కొత్తగా చేరినవారికి నేను ముందుగా నేర్పే మాట ఈ ‘యాడ్’.

నాలుగో అడుగు: రూట్‌ను నిలబెట్టండి

ప్రతి స్విచ్‌కూ వీల్యాన్ వారీగా ఒక గుర్తింపు ఉంటుంది. అందులో ముందు ప్రయారిటీ, ఆ తర్వాత మ్యాక్ చిరునామా. చిన్న అంకెదే గెలుపు. ప్రయారిటీ ముందే పెట్టి ఉండేది 32768. దానికి వీల్యాన్ సంఖ్య కలుస్తుంది, కాబట్టి 10వ వీల్యాన్‌లో ప్రతి స్విచ్ 32778 అని చెప్పుకుంటుంది. అందరిదీ ఒకటే అయినప్పుడు మ్యాక్ చిరునామా తేలుస్తుంది. పాత స్విచ్‌లకు చాలాసార్లు చిన్న చిరునామాలే ఉంటాయి. అంటే మీరు పట్టించుకోకపోతే, నెట్‌వర్క్‌లో అందరికన్నా ముసలి స్విచ్ పెద్దరికం తీసుకునే అవకాశం ఎక్కువ.

ప్రయారిటీ 4096 గుణిజాల్లోనే ఇవ్వగలరు, 0 నుంచి 61440 దాకా. దానికి కారణం ఆ 16 బిట్లలో 12 బిట్లను వీల్యాన్ సంఖ్యే తీసేసుకోవడం. మనకు మిగిలింది పై 4 బిట్లు.

ఏ వీల్యాన్‌ను ఎవరికివ్వాలి? సరి సంఖ్యలు ఒక కోర్‌కు, బేసి సంఖ్యలు మరో కోర్‌కు పంచడం చాలా చోట్ల అలవాటు. నాకది నచ్చదు. పంచవలసింది సంఖ్యల్ని కాదు, బరువును. అంతస్తులో 20 కెమెరాలు ఉండి ఒక్కొక్కటి సెకనుకు 4 మెగాబిట్లు పంపితే, రాత్రీ పగలూ ఆగకుండా 80 మెగాబిట్లు పారుతూనే ఉంటాయి. ఉద్యోగుల రద్దీ పగటిపూట లేస్తుంది, పడుతుంది. ఫోన్లకు పట్టేది చాలా తక్కువ, కానీ వాటికి ఆలస్యం పనికిరాదు. అందుకని 30ని ఒంటరిగా కోర్-2కు ఇచ్చి, 10, 20, 40లను కోర్-1కు ఇస్తాను. మీ చోట అప్‌లింక్ లెక్కలు ఒక వారం చూసి మీరే నిర్ణయించుకోండి.

కోర్-1లో:

స్పానింగ్-ట్రీ వీల్యాన్ 1,10,20,40,99 ప్రయారిటీ 4096
స్పానింగ్-ట్రీ వీల్యాన్ 30 ప్రయారిటీ 8192

కోర్-2లో అదే తిరగేసి:

స్పానింగ్-ట్రీ వీల్యాన్ 30 ప్రయారిటీ 4096
స్పానింగ్-ట్రీ వీల్యాన్ 1,10,20,40,99 ప్రయారిటీ 8192

‘రూట్ ప్రైమరీ’ అనే ఆదేశం కూడా ఉంది. అది ఎప్పటికప్పుడు కాపలా కాస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. మీరు కొట్టిన క్షణాన రూట్ ఎవరో చూసి, మామూలుగా 24576 అనే అంకె రాసి వెళ్లిపోతుంది. అప్పటి రూట్ అంతకన్నా చిన్న అంకెతో ఉంటే దానికన్నా 4096 తక్కువ రాస్తుంది. రేపు ఇంకా చిన్న అంకెతో మరో స్విచ్ వస్తే మళ్లీ లేచి పోటీ పడదు. అంకెను నేరుగా రాస్తే, ఆరు నెలల తర్వాత అమరికను చదివేవారికి కూడా మీ ఉద్దేశం అర్థమవుతుంది. 0ను ఎందుకు వాడలేదంటారా? ఎప్పుడో ఒక రోజు కోర్‌నే మార్చవలసి వస్తుంది. ఆ రోజు కొత్త స్విచ్‌కు 0 ఇచ్చి, రూట్‌ను పాతదాని చేతిలోంచి తీసుకోవచ్చు.

రెండో కోర్‌కు 8192 పెట్టడం అలంకారం కాదు. 10వ వీల్యాన్‌లో అంతస్తు-1కూ కోర్-2కూ రూట్ దాకా కాస్ట్ సమానం, 4. వాటి మధ్య లింకులో ఏ కొస మూయాలో గుర్తింపే తేల్చాలి. కోర్-2ది చిన్నది కాబట్టి దాని పోర్ట్ తెరిచే ఉంటుంది, మూసిన పోర్ట్ అంతస్తు వైపు వస్తుంది. మనకు కావలసింది అదే. మూసిన పోర్ట్‌లు అంతస్తు స్విచ్‌ల్లో ఉంటే వెతుక్కోవడం తేలిక. 8192 పెట్టకపోతే ఇది కూడా మ్యాక్ చిరునామా దయ మీద ఆధారపడుతుంది.

కోర్‌లలో హెచ్‌ఎస్‌ఆర్‌పీతో (రెండు కోర్‌లూ కలిసి ఒకే గేట్‌వే చిరునామాను మోసే పద్ధతి) గేట్‌వే నడుపుతుంటే, ఏ వీల్యాన్‌కు ఏ కోర్ రూటో అదే కోర్ గేట్‌వేగా కూడా ఉండాలి. లేదంటే ప్రతి ప్యాకెట్ ముందు రూట్ దగ్గరకు ఎక్కి, అక్కడి నుంచి కోర్‌ల మధ్య లింకు దాటి గేట్‌వేకు చేరుతుంది.

ఐదో అడుగు: కళ్లతో చూడండి

అంతస్తు-1లో:

షో స్పానింగ్-ట్రీ వీల్యాన్ 10

రూట్ ప్రయారిటీ 4106 అని రావాలి, అంటే 4096కు 10 కలిపి. కాస్ట్ 4. కింద పోర్ట్‌ల పట్టికలో గిగాబిట్ 0/1 రూట్‌గా, ఫార్వర్డింగ్‌లో ఉండాలి. గిగాబిట్ 0/2 ఆల్టర్నేట్‌గా, బ్లాకింగ్‌లో ఉండాలి. ఇప్పుడు 30వ వీల్యాన్ చూడండి: అంతా తారుమారు. 0/2 తెరిచి, 0/1 మూసి ఉంటుంది. ఒకే కేబుల్ ఒక వీల్యాన్‌కు తెరిచి, మరో వీల్యాన్‌కు మూసి ఉండటం మొదటిసారి చూసినప్పుడే ఈ పద్ధతి నిజంగా బుర్రకెక్కుతుంది. పాఠంలో ఎన్నిసార్లు చదివినా రాని స్పష్టత ఆ రెండు పట్టికలను పక్కపక్కన పెట్టుకుంటే వస్తుంది.

పట్టిక చివరి నిలువు వరుసలో పోర్ట్ రకం ఉంటుంది. స్విచ్‌ల మధ్య లింకులన్నీ పాయింట్ టు పాయింట్ అని ఉండాలి. షేర్డ్ అని కనిపిస్తే ఆ లింకు హాఫ్ డూప్లెక్స్‌లో పడింది. అప్పుడు ప్రతిపాదన, అంగీకారం నడవవు, మళ్లీ 30 సెకన్ల నిరీక్షణే. కేబుల్‌నో డూప్లెక్స్ అమరికనో సరిచేయండి.

ఆరో అడుగు: అంతస్తు పోర్ట్‌లు

కంప్యూటర్ తగిలిన పోర్ట్‌కు ప్రతిపాదన పంపితే కంప్యూటర్ జవాబివ్వదు. కాబట్టి రాపిడ్ పద్ధతిలో కూడా ఆ పోర్ట్ 30 సెకన్లు వేచి ఉంటుంది. ఈలోగా కంప్యూటర్ డీహెచ్‌సీపీని (ఐపీ చిరునామాలు ఇచ్చే సేవను) అడిగి అడిగి విసిగి, 169.254తో మొదలయ్యే చిరునామా తనకు తానే పెట్టుకుంటుంది. పైగా ఆ పోర్ట్ తెరుచుకున్న ప్రతిసారీ టోపాలజీ (లింకుల అమరిక) మారిందని ఆ వీల్యాన్ అంతటా చాటింపు పడి, స్విచ్‌లు నేర్చుకున్న మ్యాక్ చిరునామాలను చెరిపేసుకుంటాయి. ఉదయం పది గంటలకు వంద మంది కంప్యూటర్లు ఆన్ చేస్తే వంద చాటింపులు. పోర్ట్‌ను వేచి ఉంచకుండా వెంటనే తెరిచే పోర్ట్‌ఫాస్ట్ ఈ రెండు బాధలనూ తీరుస్తుంది.

ఇంటర్‌ఫేస్ రేంజ్ ఫాస్ట్‌ఈథర్‌నెట్ 0/1 - 24
స్విచ్‌పోర్ట్ మోడ్ యాక్సెస్
స్పానింగ్-ట్రీ పోర్ట్‌ఫాస్ట్
స్పానింగ్-ట్రీ బీపీడీయూగార్డ్ ఎనేబుల్

కొత్త సాఫ్ట్‌వేర్‌లో మూడో వరుస ‘పోర్ట్‌ఫాస్ట్ ఎడ్జ్’ అని ఉంటుంది. నాలుగో వరుస లేకుండా మూడోది ఎప్పుడూ పెట్టకండి. ఎవరో బల్ల కింద చిన్న స్విచ్ పెట్టి, మిగిలిన కేబుల్ కొసను గోడలోని రెండో సాకెట్‌లో గుచ్చుతారు. వారికి అది చక్కగా సర్దినట్టే అనిపిస్తుంది. మీ స్విచ్ ఒక పోర్ట్ నుంచి పంపిన బీపీడీయూ (స్పానింగ్ ట్రీ సందేశం) తిరిగి మరో పోర్ట్‌లోకి వస్తుంది. గార్డ్ ఆ పోర్ట్‌ను వెంటనే ఎర్రర్-డిసేబుల్ చేసేస్తుంది. కారణం తొలగించాక షట్‌డౌన్, నో షట్‌డౌన్ కొడితే తిరిగి లేస్తుంది. ‘ఎర్‌డిసేబుల్ రికవరీ’ అమర్చి 300 సెకన్లకోసారి దానంతట అదే లేచేలా చేయవచ్చు. కానీ మొదటి నెల దాన్ని పెట్టకండి. ఏ బల్ల కింద ఏముందో తెలుసుకోవడానికి ఆ నెల మీకు పనికొస్తుంది.

ఒక్క హెచ్చరిక మాత్రం గట్టిగా చెబుతున్నాను: ఇంటర్‌ఫేస్ మీద బీపీడీయూ ఫిల్టర్ పెట్టకండి. పేరు గార్డ్‌కు తోబుట్టువులా వినిపిస్తుంది కానీ పని పూర్తిగా వేరు. అది ఆ పోర్ట్‌లో బీపీడీయూలను పంపదు, వచ్చినవాటిని వినదు. అంటే అక్కడ లూప్ ఏర్పడితే చూసే కన్నే ఉండదు.

ఏడో అడుగు: కోర్‌లకు కంచె

మెట్ల కింది స్విచ్ మళ్లీ రూట్ కాకుండా ఆపేది ఇదే. కోర్-1, కోర్-2 రెండింట్లోనూ అంతస్తుల వైపున్న పోర్ట్ మీద:

ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్‌నెట్ 0/2
స్పానింగ్-ట్రీ గార్డ్ రూట్

ఆ వైపు నుంచి ఎవరైనా మీ రూట్ కన్నా గొప్ప గుర్తింపుతో వస్తే ఆ వీల్యాన్‌కు ఆ పోర్ట్ రూట్-ఇన్‌కన్సిస్టెంట్ అయి మూతపడుతుంది. వారు ఆ మాట మానుకోగానే దానంతట అదే తెరుచుకుంటుంది. మూతపడిన వాటిని ‘షో స్పానింగ్-ట్రీ ఇన్‌కన్సిస్టెంట్‌పోర్ట్స్’ చూపిస్తుంది. కోర్‌ల మధ్య లింకు మీద మాత్రం దీన్ని పెట్టకూడదు. 30వ వీల్యాన్‌లో కోర్-1కు రూట్ ఆ లింకు అవతలే కదా.

అంతస్తు స్విచ్ అప్‌లింకుల మీద ‘స్పానింగ్-ట్రీ గార్డ్ లూప్’ పెట్టండి. ఫైబర్‌లో రెండు తంతువులుంటాయి. ఒకటి తెగి ఒకటి బతికి ఉంటే, మూసి ఉన్న పోర్ట్‌కు బీపీడీయూలు రావడం ఆగిపోయి, అవతల ఎవరూ లేరనుకుని అది తెరుచుకుంటుంది. అక్కడే లూప్ పుడుతుంది. లూప్ గార్డ్ ఉంటే తెరుచుకోకుండా ఆగుతుంది. ఒకే పోర్ట్ మీద రూట్ గార్డ్, లూప్ గార్డ్ రెండూ కుదరవు. అందుకే ఒకటి కోర్ వైపు, ఒకటి అంతస్తు వైపు.

ఎనిమిదో అడుగు: కేబుల్ పీకి చూడండి

10వ వీల్యాన్‌లోని ఒక కంప్యూటర్ నుంచి గేట్‌వేకు ఆగకుండా పింగ్ నడపండి. అది నడుస్తుండగా అంతస్తు-1 నుంచి గిగాబిట్ 0/1 కేబుల్ పీకండి. ఆల్టర్నేట్‌గా ఉన్న 0/2 అప్పటికప్పుడు రూట్ పోర్ట్ అవుతుంది. పింగ్‌లో ఒకటి పోతే పోవచ్చు, ఒక్కోసారి అది కూడా పోదు. తిరిగి తగిలించినప్పుడూ గమనించండి. వరుసగా పది, పదిహేను పోతుంటే ఎక్కడో పాత పద్ధతి మిగిలిపోయింది. ప్రతి స్విచ్‌లో ‘షో స్పానింగ్-ట్రీ సమ్మరీ’ మొదటి వరుస చదవండి, ఏ పద్ధతిలో ఉందో అక్కడే ఉంటుంది. ఆ తర్వాత కోర్-1ను పూర్తిగా ఆపి చూడండి. అప్పుడు కోర్-2 అన్ని వీల్యాన్లకూ రూట్ అవ్వాలి.

ఈ పరీక్ష అయ్యాక ‘షో స్పానింగ్-ట్రీ డిటెయిల్’లో టోపాలజీ మార్పుల సంఖ్య రాసి పెట్టుకుని, మర్నాడు సాయంత్రం మళ్లీ చూడండి. ఎవరూ ఏ కేబులూ తాకకుండా అది వందల్లో పెరిగితే పోర్ట్‌ఫాస్ట్ మరిచిన పోర్టో, పడుతూ లేస్తూ ఉన్న లింకో ఉంది. చివరి మార్పు ఏ పోర్ట్ నుంచి వచ్చిందో ఆ వరుసలోనే రాసి ఉంటుంది. అక్కడి నుంచి వెతుకుతూ వెళ్లండి.

రెండు పరిమితులు గుర్తుంచుకోవాలి. ఒక్కో వీల్యాన్‌కు ఒక్కో చెట్టు అంటే ఒక్కో లెక్క. 3560, ల్యాన్ బేస్ రకం 2960 స్విచ్‌లు 128 చెట్ల దాకానే మోయగలవు. అంతకు మించిన వీల్యాన్లలో స్పానింగ్ ట్రీ ఉండదు, కానీ రద్దీ మాత్రం పారుతుంది. వందల వీల్యాన్లుంటే ఎంఎస్‌టీ (కొన్ని వీల్యాన్లకు కలిపి ఒకే చెట్టు కట్టే పద్ధతి) వైపు వెళ్లండి, లేదా ప్రతి ట్రంక్ మీద అవసరం లేని వీల్యాన్లను తీసేసి, ఆ అంతస్తులో వాడనివాటిని ఆ స్విచ్‌లో సృష్టించకండి. ఇక వేరే కంపెనీ స్విచ్‌లు. అరిస్టాలో రాపిడ్ పీవీఎస్‌టీ ఉంది, జునిపర్‌లో వీఎస్‌టీపీ అనే పేరుతో ఇలాంటిదే ఉంది. ఒకే చెట్టు మాత్రమే తెలిసిన స్విచ్ మధ్యలో ఉంటే అది 1వ వీల్యాన్ తరఫున వచ్చే ప్రామాణిక సందేశాన్నే అర్థం చేసుకుంటుంది. మిగిలిన వీల్యాన్ల సందేశాలను మామూలు మల్టీకాస్ట్ అనుకుని దాటిస్తుంది. పైన ప్రయారిటీ వరుసల్లో 1ని కూడా చేర్చింది ఇందుకే. అలాంటి స్విచ్ మీ దగ్గర ఉంటే దాని వైపు ట్రంకుల అలౌడ్ జాబితాలో కూడా 1 ఉండాలి.

అంతా సరిపోయాక ప్రతి స్విచ్‌లో ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’. మీరు గీసిన పటంలో ప్రతి వీల్యాన్‌కూ రూట్ ఎవరో, మూసిన పోర్ట్ ఏదో రాసి ర్యాక్ తలుపు లోపలివైపు అంటించండి.

మిగిలింది రేపు వచ్చే 50వ వీల్యాన్. అది పుట్టగానే అన్ని స్విచ్‌లలోనూ 32768తోనే పుడుతుంది, దాని రూట్‌ను మళ్లీ మ్యాక్ చిరునామాయే తేలుస్తుంది. కోర్-1 మీద రూట్ గార్డ్ ఉంది కాబట్టి, అంతస్తు స్విచ్ చిరునామా చిన్నదైతే ఆ వీల్యాన్‌కు ఆ పోర్ట్ మూతపడి, కొత్త వీల్యాన్ ఎందుకు నడవడం లేదో తెలియక తల పట్టుకుంటారు. అందుకని ముందే కోర్-1లో ‘స్పానింగ్-ట్రీ వీల్యాన్ 1-4094 ప్రయారిటీ 4096’ అని, కోర్-2లో అదే 8192తో కొట్టి, ఆ తర్వాత 30వ వీల్యాన్‌కు రెండు వైపులా విడిగా అంకెలు మార్చండి. అలా చేస్తే 50 ఏ రోజు వచ్చినా దాని రూట్ కోర్-1 అయ్యే ఉంటుంది.